నెల్లూరు ఎండలో నేచురల్ వైన్: సీసా ఎంచుకోవడం ఎలా

రసాయనాలు ఉండవు, తలనొప్పి రాదు, ఒంటికి మంచిది. విదేశాల నుంచి సెలవులకు వచ్చే పిల్లల వల్లా, బెంగళూరులో ఉద్యోగాలు చేసే బంధువుల వల్లా దాదాపు ఏమీ కలపకుండా ద్రాక్షను సహజ ఈస్టులతోనే పులియబెట్టి చేసే నేచురల్ వైన్ గురించి నెల్లూరు, ఒంగోలు ఇళ్లలో ఈ మాటలు వినిపిస్తున్నాయి. మొదటిది సగం నిజం. రెండోదానికి ఆధారం చాలా బలహీనం. మూడోది నిజం కాదు. మద్యం విషయంలో ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. ద్రాక్షను ఎలా పండించారు, వైన్‌ను ఎలా పులియబెట్టారు అన్నదాన్ని బట్టి అందులో మినహాయింపులేమీ లేవు.

అలాగని ఈ వైన్‌ను కొట్టిపారేయడానికీ లేదు. బాగా చేసినది నిజంగా బాగుంటుంది. చెడినది మామూలు చవక వైన్ కంటే ఘోరంగా ఉంటుంది. ఐదారు వేలు పోసి తెచ్చుకున్న సీసా వెనిగర్ కంపు కొడుతుంటే, నేచురల్ అంటే ఇలాగే ఉంటుందేమో అని సర్దుకుని తాగేవారున్నారు. అలా సర్దుకోనక్కర్లేదు. ఏమీ కలపకుండా వైన్ చేయాలంటే మామూలు వైన్‌కు కావలసిన దానికంటే ఎక్కువ శుభ్రత, ఎక్కువ శ్రద్ధ, ఎక్కువ చల్లదనం కావాలి. మొదటి రెండూ తయారీదారు చేతిలో ఉంటాయి. చల్లదనం మాత్రం అక్కడి గోదాములో మొదలై మన ఫ్రిజ్ దాకా ఎక్కడా తెగకుండా రావాలి. మన ప్రాంతానికి వచ్చేసరికి చిక్కంతా అక్కడే.

కల్లు తెలిసినవారికి సగం తెలిసినట్టే

ఈ రెండు జిల్లాల్లో సముద్రం వైపు వెళితే తాటిచెట్లు కనిపించని ఊరు అరుదు. గీత కార్మికుడు గెల కొనను గీసి కుండ కడతాడు. అందులోకి కారేది తియ్యటి నీరు. గెల మీద, గాలిలో, పాత కుండ గోడల్లో ఉన్న ఈస్టులూ బ్యాక్టీరియా అందులోని చక్కెరను తిని ఆల్కహాలు చేస్తాయి. పొద్దున దించినప్పుడు తీపి మిగిలి ఉంటుంది, మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పులుపు తప్ప ఇంకేమీ మిగలదు. కుండ లోపల సున్నం పూస్తే ఆ సూక్ష్మజీవుల పని ఆగిపోయి నీరాగానే ఉంటుంది. ఇందులో ఎవరూ ఈస్టు పొట్లం విప్పలేదు, ఎవరూ ఏ పొడీ కలపలేదు. అయినా మంచి కల్లు, చెడ్డ కల్లు అని రెండున్నాయి. కుండ ఎంత శుభ్రంగా కడిగారు, చెట్టు దిగి ఎంతసేపయింది అన్న రెండు విషయాలు ఆ తేడాను తేలుస్తాయి.

నేచురల్ వైన్‌లోనూ జరిగేది ఇదే. కాకపోతే కల్లు ఆయుష్షు ఒక రోజు. వైన్ ఏళ్ల తరబడి నిలవాలి, సముద్రాలు దాటి రావాలి. ద్రాక్షకు ఆ శక్తి రెండు గుణాల వల్ల వస్తుంది. కల్లులో ఆల్కహాలు నాలుగైదు శాతం ఉంటే, ద్రాక్ష రసంలో చక్కెర ఎక్కువ కాబట్టి వైన్‌లో 11 నుంచి 14 శాతం దాకా చేరుతుంది. లీటరు రసంలో ప్రతి 17 గ్రాముల చక్కెరకూ సుమారు ఒక శాతం ఆల్కహాలు లెక్క. రెండోది పులుపు. మంచి వైన్ ద్రాక్షలో టార్టారిక్ ఆమ్లం దండిగా ఉండటంతో చాలా వైన్ల పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) 3 నుంచి 3.8 మధ్య ఉంటుంది. ఆ పులుపులో, ఆ ఆల్కహాలులో మనిషికి జబ్బు చేసే క్రిములు బతకవు. కానీ వైన్ రుచిని చెడగొట్టేవి కొన్ని బతుకుతాయి. వాటిని అణచడానికి, గాలి తగిలి రంగూ వాసనా పోకుండా కాపాడటానికి మామూలు తయారీదారు సల్ఫర్ డయాక్సైడ్ వాడతాడు. నేచురల్ తయారీదారు దాన్ని బాగా తగ్గిస్తాడు, లేదా పూర్తిగా మానేస్తాడు. అప్పుడు భారమంతా పులుపు మీద, ఆల్కహాలు మీద, తొట్ల శుభ్రత మీద పడుతుంది.

మామూలు వైన్‌లో ఏం కలుపుతారు

పండిన ద్రాక్ష తొక్క మీద రకరకాల ఈస్టులు ఉంటాయి. రసం పులియడం మొదలయ్యేది వాటితోనే. ఆల్కహాలు నాలుగైదు శాతం దాటగానే వాటిలో చాలా మటుకు చచ్చిపోతాయి. అక్కడి నుంచి శాక్రోమైసిస్ సెరెవిసియే అనే గట్టి ఈస్టు పని అందుకుని చివరిదాకా లాక్కొస్తుంది. రొట్టెలు పొంగించేదీ ఇదే జాతి. ఈ పనిని దాని దారిన వదిలేస్తే వాసనల్లో వైవిధ్యం వస్తుంది. మధ్యలో ఆగిపోయే ప్రమాదమూ ఉంటుంది. ఆగిపోతే మిగిలిన చక్కెర మీద బ్యాక్టీరియా పడుతుంది.

పెద్ద కంపెనీలు ఆ ప్రమాదాన్ని భరించలేవు. ముందు సల్ఫర్ వేసి సహజ ఈస్టులను అణిచి, ప్రయోగశాలలో పెంచిన ఈస్టు వేస్తాయి. దానికి బలంగా అమ్మోనియం ఫాస్ఫేట్ వంటి పోషకాలు ఇస్తాయి. ఎండ దేశాల్లో పులుపు చాలకపోతే టార్టారిక్ ఆమ్లం, చలి దేశాల్లో తీపి చాలకపోతే చక్కెర. రంగు బాగా దిగడానికి ఎంజైములు, ఓక్ పీపాల ఖర్చు తప్పించడానికి ఓక్ చెక్కముక్కలు. తేట పడటానికి బెంటోనైట్ మట్టి, గుడ్డు తెల్లసొన, పాల నుంచి తీసే కేసిన్, చేప తిత్తి నుంచి తీసే ఐసింగ్లాస్. చివర సన్నటి జల్లెడలాంటి వడపోత. ఐరోపాలో చట్టం అనుమతించే ఇలాంటి పదార్థాలు 50కి పైగా ఉన్నాయి. ఒకే సీసాలో అన్నీ ఉంటాయని కాదు. వీటిలో చాలావాటితో ఆరోగ్యానికి ముప్పూ లేదు. శాకాహారులు మాత్రం ఒక సంగతి గమనించాలి: తేట పట్టడానికి గుడ్డూ చేపా వాడిన వైన్లు చాలా ఉన్నాయి. నేచురల్ వైన్‌ను సాధారణంగా అలా తేట పట్టరు కాబట్టి ఈ ఒక్క విషయంలో వారికి అది మేలు.

ఇలాంటి జోక్యం తగ్గించిన వైన్లన్నీ గొప్పవి, మిగిలినవి నకిలీవి అనుకోవడం ఇటీవలి ఫ్యాషన్. నేను దాన్ని ఒప్పుకోను. సల్ఫర్‌ను తగుమాత్రం వాడి అద్భుతమైన వైన్ చేసేవారు ప్రపంచమంతటా ఉన్నారు.

పుట్టిందెక్కడ, చట్టం ఏమంటుంది

ఫ్రాన్స్‌లో బోజొలే అనే ప్రాంతం ఉంది. అక్కడ జూల్ షోవే అనే వైన్ వ్యాపారి ఉండేవాడు. ఆయన రసాయన శాస్త్రవేత్త కూడా. సల్ఫర్ లేకుండా, సహజ ఈస్టులతో వైన్ చేయడం ఎలాగో ఆయన ప్రయోగాలు చేసి చూపించాడు. 1989లో చనిపోయాడు. ఆయన పద్ధతిని అందుకున్న మొదటివారిలో మోర్గోన్ వైన్ చేసే మార్సెల్ లాపియేర్, జాఁ ఫోయార్ వంటివారు ఉన్నారు. ఇక్కడ మరిచిపోకూడనిది ఒకటుంది. ఈ ఉద్యమానికి ఆద్యుడు సూక్ష్మదర్శిని పట్టుకుని కూర్చున్న మనిషి. శాస్త్రం వద్దని ఆయన అనలేదు. ఈస్టులనూ బ్యాక్టీరియానూ లెక్కపెట్టి, పులియబెట్టే గది చల్లదనాన్ని అదుపులో పెట్టి, అప్పుడు సల్ఫర్ మానేశాడు. తర్వాత వచ్చిన కొందరు సల్ఫర్ మానేయడం మాత్రం నేర్చుకున్నారు.

ఇంకా వెనక్కి వెళ్తే జార్జియా. అక్కడ క్వేవ్రీ అనే గుడ్డు ఆకారపు మట్టి కాగులను మెడదాకా భూమిలో పాతి, లోపల తేనెమైనం పూసి, తొక్కలూ గింజలతో సహా ద్రాక్షను పులియబెడతారు. సుమారు 8,000 ఏళ్ల నాటి వైన్ ఆనవాళ్లు ఆ దేశపు మట్టిపాత్రల్లో దొరికాయని 2017లో పరిశోధకులు ప్రకటించారు. క్వేవ్రీ పద్ధతిని యునెస్కో 2013లో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఇటలీ ఈశాన్య మూలన ఉండే వైన్ తయారీదారు యోష్కో గ్రావ్నర్ జార్జియా వెళ్లి చూసి వచ్చి, తన తొట్లు తీసేసి మట్టికాగుల్లోకి మారాడు. ఆరెంజ్ వైన్ ఇప్పుడు ప్రపంచమంతా తిరగడానికి ఆయన ఒక కారణం. దానికీ నారింజకూ సంబంధం లేదు. తెల్లద్రాక్షను తొక్కలతో కలిపి నానబెడితే వచ్చే రంగు అది.

ఇక చట్టం. చాలా దేశాల్లో నేచురల్ వైన్‌కు చట్టపరమైన నిర్వచనం లేదు. ఎవరైనా ఆ మాట వాడుకోవచ్చు. ఫ్రాన్స్‌లో 2020లో 'వ్యాఁ మెథోద్ నాత్యూర్' అనే ముద్ర వచ్చింది. దానికి షరతులు గట్టివే: సేంద్రియ ధ్రువీకరణ ఉన్న ద్రాక్ష, చేత్తో కోత, సహజ ఈస్టు, ఇతర పదార్థాలేవీ కలపకపోవడం, వడపోత వంటివి చేయకపోవడం. ముద్ర రెండు రకాలు. ఒకటి సల్ఫైట్లు (వైన్‌లోని సల్ఫర్‌కు లేబుళ్ల మీద వాడే పేరు) అసలు కలపనివాటికి, రెండోది లీటరుకు 30 మిల్లీగ్రాముల లోపు ఉన్నవాటికి. ఈ ముద్ర లేనంత మాత్రాన నకిలీ అని కాదు. పేరున్న తయారీదారులు చాలామంది దీని జోలికి పోలేదు.

ఆర్గానిక్, బయోడైనమిక్, నేచురల్ అనే మూడూ ఒకటే అన్నట్టు అమ్మేవారు మాట్లాడతారు. ఆర్గానిక్ ప్రధానంగా తోటకు సంబంధించినది. ఐరోపాలో ఆర్గానిక్ ముద్ర ఉన్న ఎర్ర వైన్‌లో లీటరుకు 100 మిల్లీగ్రాముల దాకా సల్ఫైట్లు ఉండవచ్చు, బయటి ఈస్టు వేసుకోవచ్చు. మామూలు ఎర్ర వైన్‌కు పరిమితి 150, తెల్లదానికి 200. బయోడైనమిక్ అనేది రుడాల్ఫ్ స్టైనర్ 1924లో ఇచ్చిన ఉపన్యాసాల నుంచి పుట్టిన సేద్య పద్ధతి. ఆవు కొమ్ములో పేడ నింపి చలికాలమంతా భూమిలో పాతి, తీసి నీళ్లలో కలిపి చల్లుతారు. ఒంగోలు జాతి పశువులకు పేరుపడిన గడ్డ మీద ఇది చెబితే ఎవరూ నవ్వరు. ఆ కొమ్ము వల్లనే తోట బాగుపడుతుందనడానికి మాత్రం శాస్త్రీయ ఆధారం కనిపించదు. తోటలో రోజంతా గడిపే రైతే ఇంత శ్రమ పడతాడు కాబట్టి ఫలితం బాగుంటుంది, అంతే అని నా అనుమానం.

మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయం తెలిసినవారు ఈ తేడాను సులువుగా పట్టుకుంటారు. జీవామృతంతో పండించిన వడ్లను మిల్లులో ఎంతైనా పాలిష్ పట్టవచ్చు. తోట ఒకటి, తోట దాటాక జరిగేది ఇంకొకటి. నేచురల్ వైన్ అంటే రెండూ కలిసి ఉండాలి.

సల్ఫైట్లూ తలనొప్పీ

సల్ఫైట్లు కొందరికి నిజంగా పడవు. ముఖ్యంగా ఆస్తమా ఉన్నవారిలో కొద్ది శాతం మందికి ఊపిరి పట్టేయవచ్చు. వారు జాగ్రత్తగా ఉండాల్సిందే. మిగిలినవారి తలనొప్పికి సల్ఫైట్లే కారణమని చూపే గట్టి ఆధారం లేదు. పాయసంలో వేసే బంగారు రంగు కిస్‌మిస్‌ను, నారింజ రంగు తగ్గని ఎండు ఆప్రికాట్‌ను సల్ఫర్ పట్టించే నిలవచేస్తారు. బరువుకు బరువు చూస్తే వాటిలో వైన్‌లో కంటే చాలా ఎక్కువ ఉంటుంది. పాయసం తిని తల పట్టుకున్నవారిని నేను చూడలేదు. ఎర్ర వైన్ తలనొప్పికి క్వెర్సెటిన్ అనే పదార్థం కారణం కావచ్చని, శరీరం ఆల్కహాలును విరగ్గొట్టే క్రమానికి అది అడ్డుపడుతుందని 2023లో అమెరికా శాస్త్రవేత్తలు ఒక ప్రతిపాదన చేశారు. ఎండ బాగా తగిలిన ద్రాక్షలో అది ఎక్కువ. నేచురల్ అయితే తగ్గిపోదు. పులిసేటప్పుడు పుట్టే హిస్టమిన్లు అనే పదార్థాల మీద కూడా అనుమానం ఉంది. అన్నిటికంటే పెద్ద అనుమానితుడు ఆల్కహాలే.

సల్ఫైట్లు అసలు లేని వైన్ దాదాపు ఉండదు. పులియబెట్టేటప్పుడు ఈస్టు తానే కొంత తయారు చేస్తుంది, సాధారణంగా లీటరుకు 10, 20 మిల్లీగ్రాములు. 10 దాటితే లేబుల్ మీద సల్ఫైట్లు ఉన్నాయని రాయాలన్నది ఐరోపాలోనూ మన దేశంలోనూ నిబంధన. కాబట్టి ఆ వాక్యం చూసి సీసాను పక్కన పెట్టేయకండి.

సల్ఫర్ ఎంత అవసరమన్నది వైన్ పులుపును బట్టి మారుతుంది. పీహెచ్ తక్కువగా, అంటే పులుపు ఎక్కువగా ఉంటే కొద్ది సల్ఫరే బలంగా పనిచేస్తుంది. పీహెచ్ 3.8 దగ్గరికి పోతే అదే మోతాదు దాదాపు పనికిరాదు. పేరున్న నేచురల్ వైన్లు ఎక్కువగా ఫ్రాన్స్‌లోని లువార్, జురా, బోజొలే లాంటి చల్లటి ప్రాంతాల నుంచి, ఇటలీలోని సిసిలీ దీవిలో అయితే ఎట్నా అగ్నిపర్వతపు ఎత్తుల నుంచి రావడానికి ఇదొక కారణం. ఎండలో ద్రాక్ష మాగుతుంటే పులుపు కరిగిపోతుంది. నాసిక్‌లో, నంది కొండల్లో జనవరి నుంచి మార్చి మధ్య, చలి రాత్రులు పూర్తిగా పోకముందే కోత కోయడం వెనక ఉన్న లెక్క కూడా ఇదే. మన దేశపు మంచి వైన్ కావాలంటే ఆ రెండు చోట్లా దొరుకుతుంది. హంపి కొండల్లో తెలుగు దంపతులు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ నెలకొల్పిన క్రస్మా తోట వైన్లకూ మంచి పేరుంది. నేచురల్ అనే మాట కోసం పట్టుబట్టకపోతే, దగ్గరలో పుట్టి తక్కువ దూరం ప్రయాణించిన సీసాకు ఉండే లాభం వేరు.

ఏది గుణం, ఏది తెగులు

మబ్బుగా ఉండటం తెగులు కాదు. వడకట్టలేదు కాబట్టి చచ్చిన ఈస్టు అడుగున చేరుతుంది. సీసాను ఒక రోజు నిలబెట్టి నెమ్మదిగా వంచితే తేటది వస్తుంది. నాలుక మీద చిన్న చురుకు, నాలుగు బుడగలు ఉంటే అదీ తెగులు కాదు. తయారీదారు సల్ఫర్ బదులు కొంత బొగ్గుపులుసు వాయువును లోపల ఉంచేసి ఉండవచ్చు. జగ్గులోకి ఒంపి కాసేపు తిప్పితే పోతుంది. పెత్‌నాత్ అని అమ్మేవాటిలో బుడగలు ఉండాల్సిందే, అవి సీసాలోనే పులిసినవి. అగ్గిపుల్ల వాసన, ఉడికిన గుడ్డు వాసన మొదట్లో వచ్చినా గాలి తగిలితే చాలాసార్లు తగ్గిపోతాయి. పావుగంట ఆగి చూడండి.

ఇక తెగుళ్లు. గోళ్ల రంగు తుడిచే ద్రావకం వాసన, ముక్కులోకి గుచ్చుకునే వెనిగర్ ఘాటు వస్తే ఎసిటిక్ బ్యాక్టీరియా పని పట్టిందన్నమాట. కొద్దిగా ఉంటే పళ్ల వాసనకు ఊపు ఇస్తుందంటారు. నోరు మంటపుట్టేంత ఉంటే ఏ వాదనా దాన్ని కాపాడదు. గుర్రపుశాల, తడి తోలు, కట్టు గుడ్డ వాసనలు బ్రెటానోమైసిస్ అనే ఈస్టు వల్ల వస్తాయి. దీన్ని ఇష్టపడేవారున్నారు, నేను వారిలో లేను. పళ్ల వాసన మిగలకుండా అదొక్కటే తేలితే ఏ దేశపు ద్రాక్షయినా ఒకేలా ఉంటుంది. తడిసిన అట్టపెట్టె వాసన బిరడా తెగులు. దానికీ నేచురల్‌కూ సంబంధం లేదు.

అన్నిటికంటే మోసకారి ఎలుక రుచి. దీన్ని ముక్కుతో పట్టుకోలేం. గ్లాసులో వాసన చూస్తే ఏమీ తెలియదు, మొదటి గుక్క కూడా బాగానే ఉంటుంది. మింగాక పది పదిహేను సెకన్లకు ఎలుకల బోను, పాత బియ్యం డబ్బా లాంటి రుచి నోటి వెనక నుంచి లేచి వచ్చి పోకుండా కూర్చుంటుంది. దాన్ని కలిగించే పదార్థాలు వైన్ పులుపులో ఆవిరి కావు. లాలాజలం కలిసి పులుపు తగ్గాక పైకి లేస్తాయి. అందుకే ఆ ఆలస్యం. కొందరికి ఈ రుచి అసలు తెలియదు. పక్కన కూర్చున్నవారు మొహం చిట్లిస్తుంటే మీకు బాగానే ఉండవచ్చు. సల్ఫర్ లేని, పులుపు తక్కువైన వైన్లలో ఇది ఎక్కువ, మూత తీశాక గంటలు గడిచేకొద్దీ పెరుగుతుంది. దీనికి మందు లేదు.

దుకాణంలో చూడవలసినవి

ముందు ఎండ మాట. నెల్లూరులో మే నెలలో 42 డిగ్రీలు దాటే రోజులు మామూలే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత ఉన్నచోట, సల్ఫర్ లేని సీసాపై 14 డిగ్రీల లోపు ఉంచమని తయారీదారు రాసి పంపుతాడు. ఆ వేడిలో మిగిలిన చక్కెర మళ్లీ పులిసి బిరడాను పైకి తోస్తుంది, నిద్రాణంగా ఉన్న బ్యాక్టీరియా లేస్తుంది, పళ్ల వాసన ఉడికిన జామ్ వాసనగా మారుతుంది. ఇందులో ఏదీ వెనక్కి తిరగదు.

అందుకని ఇక్కడివారు సీసాపై నేచురల్ అనే మాట కంటే అది నడిచి వచ్చిన దారిని చూడాలి. వెనక లేబుల్ మీద దిగుమతిదారు పేరు, దిగుమతి నెల ఉంటాయి. వేసవిలో వచ్చినదైతే ఆలోచించండి. సీసాను వెలుతురుకు పట్టి మెడలో వైన్ ఎంతవరకు ఉందో చూడండి. కొత్త సీసాలో మట్టం బాగా దిగిపోయి ఉంటే, మూత కింద జిగురు కారి ఉంటే, బిరడా అంచు దాటి పైకి ఉబ్బి ఉంటే వదిలేయండి. అద్దాల షెల్ఫులో దీపాల కింద నిలబెట్టిన సీసా, అందులోనూ రంగులేని గాజు సీసా, వెలుతురుకే సగం చెడుతుంది. చల్లటి గదిలో పడుకోబెట్టినవి ఉన్నాయా అని అడగండి. అడిగినందుకు విసుక్కునే దుకాణంలో ఈ రకం కొనకపోవడమే మంచిది.

తయారీదారు పేరు, ఊరి పేరు, ద్రాక్ష రకం, పంట సంవత్సరం స్పష్టంగా రాసి ఉండాలి. ఇవేమీ లేకుండా ఆకుపచ్చ ఆకు బొమ్మ, 'క్లీన్' అనే మాట మాత్రమే పెద్దగా ఉంటే అది ప్రచారం. 2023 డిసెంబరు 8 తర్వాత తయారై ఐరోపాలో అమ్ముడయ్యే వైన్లకు పదార్థాల పట్టిక తప్పనిసరి. చాలామంది దాన్ని క్యూఆర్ కోడ్ వెనక పెట్టారు. సీసాపై అది ఉంటే ఫోనుతో స్కాన్ చేయండి. ద్రాక్ష, మహా అయితే సల్ఫైట్లు అని మాత్రమే ఉంటే మంచి గుర్తు. ఈస్టు, తేట పట్టే పదార్థాలు చాలావరకు ఆ పట్టికలోకి రావు కాబట్టి అదొక్కటే రుజువు కాదు.

మొదటిసారి కొనేవారికి నేను చెప్పేది: సల్ఫర్ సున్నా అనే గొప్పకు పోవద్దు. లీటరుకు 20, 30 మిల్లీగ్రాములు వేసినదాన్ని ఎంచుకోండి. లాపియేర్ కుటుంబం తమ మోర్గోన్‌ను రెండు విధాలుగా సీసాలకెత్తుతుంది, సల్ఫర్ లేనిది 'ఎన్', కొద్దిగా వేసినది 'ఎస్'. ఆ పద్ధతికి దారి చూపిన ఇంటివారే రెండోదాన్ని చిన్నచూపు చూడనప్పుడు, భూమధ్యరేఖకు ఇంత దగ్గరగా ఉన్న మనకు బింకం దేనికి? తేలికపాటి ఎర్ర వైన్లయితే రెండు మూడేళ్లలోపు పంటవి కొనండి. ఆరెంజ్ వైన్లు కొంచెం గట్టివి. తొక్కల నుంచి దిగిన వగరు పదార్థాలు గాలి దెబ్బను కొంత తట్టుకుంటాయి. సిసిలీలోని కోస్, ఆరియానా ఓక్కిపింతి, జార్జియాలోని ఫెజెంట్స్ టియర్స్, ఇటలీ సరిహద్దులోని రాదికోన్ నమ్మదగ్గ పేర్లు.

ఇవన్నీ నెల్లూరు, ఒంగోలు దుకాణాల్లో దొరుకుతాయని ఆశపెట్టుకోవద్దు. ముంబై, గోవా, బెంగళూరుల్లోని ప్రత్యేక దుకాణాలు, లేదా విమానాశ్రయపు డ్యూటీ ఫ్రీ. విదేశాల నుంచి వచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా రెండు లీటర్ల మద్యం తెచ్చుకోవచ్చు. అక్కడి నుంచి రాష్ట్రం సరిహద్దు దాటించే నిబంధనలు వేరు, అవి మారుతుంటాయి. ఎక్సైజ్ వారి దగ్గర కనుక్కోకుండా పక్క రాష్ట్రం నుంచి పెట్టెలు తేవద్దు. దిగుమతి వైన్ మీద ఏళ్ల తరబడి ఉన్న సుంకం 150 శాతం. 2022 డిసెంబరు చివర అమలైన ఒప్పందంతో ఆస్ట్రేలియా వైన్లలో ఒక ధర దాటినవాటికి అది తగ్గడం మొదలైంది. అక్కడ రెండు వేలు పలికే సీసా ఇక్కడ ఐదు వేలు కావడంలో నాణ్యతకు భాగం లేదని గుర్తుంచుకుంటే చాలు. ధర ఎక్కువ కాబట్టి మంచిదనే లెక్క మన దేశంలో అసలు పనిచేయదు.

డ్యూటీ ఫ్రీలో కొని చెన్నైలో దిగి కారులో వచ్చేవారు సీసాలను డిక్కీలో పెట్టకండి. జాతీయ రహదారి మీద మూడు నాలుగు గంటల మధ్యాహ్నపు ప్రయాణంలో మూసిన డిక్కీ లోపల వేడి బయటికంటే ఎంతో ఎక్కువ. సీసాలను ఏసీ తగిలే చోట, తువ్వాలు చుట్టి పెట్టండి. వీలైతే అక్టోబరు నుంచి జనవరి మధ్య తెప్పించుకోండి. ఇంట్లో వంటగది అటక వద్దు, ఫ్రిజ్‌లో కూరగాయల సొరుగు మేలు.

నెల్లూరు జిల్లాలో మద్యం గురించి రాస్తూ దూబగుంటను దాటిపోలేం. 1992లో ఆ ఊరి ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరు రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా తీసుకెళ్లింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధానికీ దారి వేసింది. రెండేళ్లకు అది సడలింది. కూలి డబ్బు సారాకు పోయి ఇంట్లో పొయ్యి వెలగని కాపురాలు చూసిన ఊళ్లలో, ఖరీదైన సీసాను ఆరోగ్య పానీయంగా చూపించడం నాకు సిగ్గుగా అనిపిస్తుంది. 21 ఏళ్లు నిండినవారు, తాగడానికి ఎలాగూ నిశ్చయించుకున్నవారు బాగా చేసినదాన్ని కొద్దిగా తాగాలనుకుంటే ఈ వ్యాసం పనికొస్తుంది. తాగనివారు మొదలుపెట్టడానికి ఇందులో ఒక్క కారణం కూడా లేదు.

గ్లాసులో, పళ్లెంలో

ఎర్ర వైన్‌ను గది వేడిమిలో ఇవ్వాలన్నది 16, 18 డిగ్రీల రాతి ఇళ్లలో పుట్టిన మాట. మన గదిలో 32 ఉంటుంది. ఎర్రదాన్నీ ముప్పావు గంట ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లదీ పెత్‌నాతూ రెండు మూడు గంటలు.

నెల్లూరు చేపల పులుసు పక్కన చిక్కటి, వగరు ఎర్ర వైన్ పెడితే రెండూ పాడవుతాయి. వగరూ, ఎక్కువ ఆల్కహాలూ కారాన్ని మండిస్తాయి. ఎర్ర వైన్‌లో ఇనుము పాలు ఎక్కువైతే సముద్రపు చేప నీచుదనాన్ని పైకి లేపుతుందని జపాన్ పరిశోధకులు 2009లో తేల్చారు. చింతపండు, పచ్చిమామిడి పులుపుకు తట్టుకోవాలంటే వైన్‌లోనూ అంత పులుపు ఉండాలి, ఆల్కహాలు 12 శాతం లోపు ఉండాలి. కొద్దిగా తీపి మిగిలిన పెత్‌నాత్ అయితే ఇంకా బాగుంటుంది. రొయ్యల వేపుడుకు ఆరెంజ్ వైన్ చక్కగా కుదురుతుంది, వేపుడులోని మసాలాకు దాని సన్నటి వగరు అడ్డం రాదు. మలై కాజాతో మాత్రం ఏ వైనూ వద్దు, దాని తీపి ముందు అన్నీ నీళ్లలా అనిపిస్తాయి.

తెరిచిన సీసాలో మిగిలితే బిరడా గట్టిగా పెట్టి వెంటనే ఫ్రిజ్‌లోకి పంపండి. సల్ఫర్ కొద్దిగా ఉన్నది రెండు మూడు రోజులు ఆగుతుంది. అసలు లేనిదాన్ని మర్నాటికి ముగించాలి. మర్నాడు చిన్న గుక్క తాగి, పది సెకన్లు ఆగి చూడండి. ఆ ఎలుక రుచి తేలితే వంటలో కూడా వాడకండి, పారబోయండి.